అరబా ఎలక్షన్ డ్యూటీ

ఎలక్షన్ డ్యూటీ తప్పించుకోవడం ఎలాగో చెప్పమని మా ఆయన్ని అడిగిన మొదటి మనిషి క్వెసి. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో తోటి మాస్టర్లెవరూ ఆ సాహసం చెయ్యలేదు. ఆ సంగతి అడగడానికి పద్మనాభం మాస్టారంత పనికిరాని మనిషి జిల్లా మొత్తంలో లేడని అందరికీ తెలుసు. క్వెసికి తెలీదు పాపం. అతనిది ఘనా దేశం. అమెరికాలో, హెర్న్‌డన్‌లో మా అమ్మాయి స్రవంతి వాళ్ళ ఇంటికి గోడవతల ఇల్లు. డల్లెస్ ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే చోట పని. మేము వచ్చిన ఈ నాలుగు నెలల్లో నాకు బాగా నచ్చిన మనుషుల్లో అతనొకడు. నేను బయటికి వస్తే, మోకాలు ఎలా ఉందని అడగకుండా లోపలికి పోడు.

తప్పంతా మా మనవరాలు కృతిది. "మా తాతయ్య ఇండియాలో ఎలక్షన్స్ రన్ చేశాడు" అని స్కూల్ బస్సు కోసం నిలబడ్డప్పుడు అతనికి చెప్పిందట. పదేళ్ళ పిల్ల. తాతయ్య లెక్కల మాస్టారనీ, ఎన్నికలు వచ్చినప్పుడల్లా కలెక్టరాఫీసు నుంచి ఆర్డరు వస్తే ఏదో ఒక పల్లెటూరి బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూర్చునేవాడనీ దానికేం తెలుసు? క్వెసి మాత్రం దేశం దేశమంతటి చేతా ఓటేయించిన పెద్దమనిషి పక్కింట్లోనే ఉన్నాడనుకున్నాడు. అక్టోబరు ఆఖర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ మా ఇంటికి వచ్చాడు.

డిసెంబరు ఏడున వాళ్ళ దేశంలో అధ్యక్ష ఎన్నిక. రెండు పెద్ద పార్టీలు. గెలిచేది మేమేనని రెండూ అంటున్నాయి, అవతలివాళ్ళు మోసం చేస్తారని కూడా రెండూ అంటున్నాయి. రేడియోల్లో పొద్దస్తమానం అరుపులేనట. క్వెసికి ఒక చెల్లెలుంది, పేరు అరబా. ఇరవై ఆరేళ్ళు, బడిలో టీచరు. అమ్మానాన్నలు పోయాక ఇతనే పెంచాడు. ఆ పిల్ల ఈసారి ప్రిసైడింగ్ ఆఫీసరు. డ్యూటీ వేసింది ఒక సరస్సు ఒడ్డున ఉన్న ఊళ్ళో. పోయిన ఎన్నికల్లో అదే ఊళ్ళో లెక్కింపు మధ్యలో బల్ల తిరగేశారు, కాగితాలు చింపారు, డ్యూటీలో ఉన్న మాస్టారికి రెండు పళ్ళు ఊడాయి.

"దాన్ని ఆ డ్యూటీ నుంచి ఎలా తప్పించాలో చెప్పండి అంకుల్. మీ దగ్గర టీచర్లు ఏం చేసేవాళ్ళు?" అన్నాడు.

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంటే ఉపన్యాసం ఉందని అర్థం. తను ఎన్నడూ చెయ్యకపోయినా ఆ విద్యలన్నీ ఆయనకి కంఠతా వచ్చు. నడుంనొప్పి సర్టిఫికెట్టు అన్నిటికంటే చవకరకం అన్నారు. ఎమ్మెల్యే గారి సిఫార్సు ఉత్తరం కాస్త మేలురకం. పోటీ చేసేవాడు మాకు బంధువవుతాడని రాసివ్వడం తెలివైన రకం. సైన్సు మాస్టారు ఒకాయన పోలింగు రోజుకి లేని మరదలి పెళ్ళి శుభలేఖ అచ్చేయించాడు. అప్పటి కలెక్టరు గారు అక్షింతలు వెయ్యడానికి వస్తానన్నారు. దాంతో మాస్టారు పరుగున వెళ్ళి డ్యూటీలో చేరాడు. క్వెసి ఫోన్‌లో ఇవన్నీ శ్రద్ధగా రాసుకున్నాడు.

"అయితే ఆర్డరు ఎవరు పంపారు? జిల్లా అధికారా?" అని మా ఆయన అడిగారు.

ఎవరూ పంపలేదనీ, అక్కడ ఎవరికి వాళ్ళు అప్లికేషన్ పెట్టుకోవాలనీ, అరబా పెట్టుకుందనీ క్వెసి చెప్పాడు. ఎలక్షన్ డ్యూటీ కావాలని కోరి మరీ అడిగిన మనిషి ఈ భూమ్మీద ఉందని మా ఆయన నమ్మలేకపోయారు. ఆ మొహం చూశాక, క్వెసి ఆశ గల్లంతైనట్టేనని నాకు తెలిసిపోయింది. ఈ పిల్లతో ఒకసారి మాట్లాడాలి అన్నారు. కాస్త భయపెట్టండి అంకుల్ అని క్వెసి బతిమాలాడు. అలాగేనన్నారు.

నేను మాత్రం మనసులో క్వెసి పక్షమే. డ్యూటీకి వెళ్ళేవాళ్ళ గొప్ప గురించి అందరూ చెబుతారు. ఇంట్లో కూర్చునేవాళ్ళ సంగతి ఎవడిక్కావాలి? మా రోజుల్లో ఫోన్లు లేవు. పోలింగు ముందు రోజు పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళ్తే, మూడో రోజుకి గానీ మనిషి తిరిగొచ్చేవారు కాదు. వచ్చేదాకా బతికున్నారో లేదో తెలియదు. ఎనభై తొమ్మిదిలో అడవిలోపల బూత్ పడిందని తెలిసి, డాక్టరైన మా అన్నయ్య చేత హెర్నియా ఉన్నట్టు సర్టిఫికెట్టు రాయించి తెచ్చాను. నా ఎదుటే చింపేసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళారు. ఆ గొడవకి నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు.

నవంబరులో ప్రతి శనివారం ఫోన్లు మొదలయ్యాయి. ఇక్కడ పది గంటలైతే అక్కడ మధ్యాహ్నం మూడు. మా డైనింగ్ టేబుల్ మీద స్రవంతి లాప్‌టాప్, పక్కన క్వెసి, ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో మా ఆయన. తెరమీద అరబా. గుండ్రటి మొహం, జుట్టు సన్నటి జడలుగా అల్లుకుని, ముందర కొత్త నోటుపుస్తకం. చూడగానే నాకు ముద్దొచ్చింది. ఎందుకు పెట్టావమ్మా అప్లికేషను అని అడిగారు ఈయన. ఆ పిల్ల తడుముకోలేదు. బల్లలు తిరగేసే ఊళ్ళకి అందరూ భయపడి వెళ్ళకపోతే, ఇంక అక్కడికి వెళ్ళేది బల్లలు తిరగేసేవాళ్ళే కదా అంది. భయపెట్టాల్సిన మా ఆయన ఆ మాటతో చల్లబడిపోయారు. ఆవేళ్టి నుంచి ఆ పిల్ల ఆయన శిష్యురాలు.

వాళ్ళ పద్ధతి వేరు. మా దగ్గర పెట్టెకి లక్క వేసి, సీలు కొట్టి, జీపులో ఎక్కించి పంపేవాళ్ళు. లెక్క ఎక్కడో పట్నంలో జరిగేది. వాళ్ళకి ఓటింగ్ అయిన చోటే, ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా, ఒక్కో కాగితం పైకెత్తి చూపించి లెక్కపెట్టాలి. జనం కూడా గొంతు కలిపి లెక్కపెడతారట. చివరికి ఒక గులాబీరంగు కాగితం మీద అంకెలు వేసి, రెండు పార్టీల ఏజెంట్ల చేతా సంతకాలు పెట్టించి, ఒక ప్రతిని అక్కడే గోడకి అంటించాలి. ఆ రెండు సంతకాలూ ఉంటే గొడవ లేనట్టు. ఒకటి లేకపోతే బయట జనం ఏమైనా చెయ్యొచ్చు. మా ఆయన ఇదంతా విని, ముందు నమ్మలేదు, తరవాత అసూయపడ్డారు. ముప్ఫై ఏళ్ళు పెట్టెలు మోయించాను గానీ, ఒక్కదాంట్లో ఏముందో కళ్ళతో చూడలేదు వసుమతీ అన్నారు నాతో.

తరవాత రిహార్సల్స్. కృతి వరసలో నిలబడిన ఓటరు. స్రవంతి ఒక పార్టీ ఏజెంటు. రెండో ఏజెంటు క్వెసి. అతను నిజంగానే ఆ పార్టీకి వీరాభిమాని, కాబట్టి వేషం కట్టాల్సిన పని లేకపోయింది. ఈ ఓటు చెల్లదని బల్ల గుద్దేవాడు, మళ్ళీ లెక్కపెట్టమని లేచి నిలబడేవాడు. లాప్‌టాప్ అవతల అరబా గొంతు పెంచకుండా, ఆ కాగితం మళ్ళీ చూపించి, రూలు ఫలానా అని చదివి, ఇంకేమైనా ఉందా అని అడిగేది. మూడో శనివారానికి చెల్లెల్ని మాన్పించాలన్న మాటే క్వెసి మర్చిపోయాడు. మా దానికి ఎంత ఓర్పో చూశారా ఆంటీ అని నాతో అన్నాడు, తనే పెంచినందుకు కాస్త గర్వంగా.

పోలింగుకి ముందు శనివారం ఆఖరి పాఠం. అన్నీ అయిపోయాక మా ఆయన చివరగా, ముందు రోజు రాత్రి పడక ఎక్కడ, తిండి ఎక్కడ అని అడిగారు. అరబా నవ్వుతూ, ఆ బెంగే లేదంది. ఆ ఊళ్ళో కిరాణా కొట్టు పెద్దావిడ ఒకామె తన ఇంట్లో మంచం, దోమతెర ఇస్తానంది, చేపల పులుసు చేసి పెడతానంది. చాలా మంచావిడ. ఇల్లు బూత్‌కి ఎదురుగానే.

"ఇంట్లో ఇంకా ఎవరున్నారమ్మా?" అన్నారు ఈయన.

"ఆవిడ కొడుకు. ఆ ఊళ్ళో పార్టీ పనులు చూస్తాడు. కానీ ఆవిడకి అవేం పట్టవు, తల్లిలాంటిది" అంది.

లాప్‌టాప్ ఆగిపోయిందేమోనని అరబా రెండుసార్లు హలో అంది. నేను ఆయన మొహం చూశాను. నలభై ఏడేళ్ళ కాపురంలో ఆ మొహం నేను అంతకు ముందు ఒకే ఒక్కసారి చూశాను, ఎనభై తొమ్మిదిలో డ్యూటీ నుంచి తిరిగొచ్చిన రోజున.

అప్పుడు చెప్పారు. మాస్టారి ఇంగ్లీషులో, మధ్యమధ్య 'అమ్మా' అంటూ, నిదానంగా చెప్పారు. ఎనభై తొమ్మిదిలో కొండల్లో ఒక ఊరు. జీపు దిగాక ఆరు మైళ్ళు వానలో నడక. బడి చేరేసరికి చీకటి. స్టాఫ్ నలుగురికీ కడుపులు మాడుతున్నాయి. ఎవరో పెద్దాయన లాంతరు పట్టుకుని వచ్చి, మాస్టారూ, ముందు భోజనం చెయ్యండి అని ఇంటికి తీసుకెళ్ళాడు. వేడివేడి అన్నం, నాటుకోడి కూర. నలుగురూ కడుపారా తిన్నారు. తెల్లారి చూస్తే, ఒక పార్టీ ఏజెంటుగా వచ్చి కూర్చున్నవాడు ఆ పెద్దాయన అల్లుడు. రెండో పార్టీ ఏజెంటు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఎవరింట్లో తిన్నారో వాళ్ళకే పని చేస్తారు, నేను లోపలికి రాను, నీ పెట్టె సీలు మీద సంతకం పెట్టను అన్నాడు. మధ్యాహ్నానికి ఊరు రెండైంది. రాళ్ళు పడ్డాయి. పెట్టె ఎత్తుకుపోయి వాగులో పారేశారు. బడి బంట్రోతు తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. రీపోలింగు పెట్టారు. ఈయనకి మెమో ఇచ్చి, జిల్లా చివరికి బదిలీ చేశారు.

"నేను ఒక్క దొంగ ఓటు కూడా వెయ్యనివ్వలేదమ్మా. ఒక పూట అన్నం తిన్నాను, అంతే" అన్నారు.

స్రవంతి నోరు తెరుచుకుని చూస్తోంది. "నాన్నా, నీ సర్వీస్‌లో ఒక్క రిమార్క్ కూడా లేదని నువ్వే చెప్పావు కదా. ఆ ట్రాన్స్‌ఫర్ ప్రమోషన్ మీద అనుకున్నాను నేను" అంది.

మెమో సంగతీ, రాళ్ళ సంగతీ నాకు తెలుసు. అన్నం సంగతి తెలీదు. ఏదో పాత కక్షల మీద కొట్టుకున్నారనే ఇన్నేళ్ళూ నాకు చెప్పారు. అరబా అవతలి నుంచి, మీరు ఇంటి నుంచి ఏమీ తెచ్చుకోలేదా అంకుల్ అని అడిగింది. ఆయన నావైపు చూడకుండా, ఆ ఒక్కసారికి క్యారేజీ లేదమ్మా, నేనే మర్చిపోయాను అన్నారు.

మర్చిపోలేదు. నేనే కట్టలేదు. ప్రతి ఎలక్షనుకీ మూడు గిన్నెల నిండా పులిహోర, పెరుగన్నం, ఆవకాయ కట్టిచ్చేదాన్ని. నలుగురికి సరిపోయేది. ఆ సర్టిఫికెట్టు చింపిన రోజున మాత్రం కోపంతో పడకగదిలో తలుపేసుకున్నాను. వంటింట్లో ఖాళీ గిన్నెలు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారన్నమాట. ముప్ఫై అయిదేళ్ళు ఆ మాట నా చెవిన పడకుండా దాచుకున్నారు. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. అందరి ముందూ ఏడిస్తే బాగుండదని లేచి, స్టవ్ మీద ఏమీ లేకపోయినా వెళ్ళి నిలబడ్డాను.

క్వెసికి మాత్రం పాత భయమంతా మళ్ళీ పట్టుకుంది. కుర్చీలోంచి లేచిపోయాడు. ఒక పూట భోజనానికే ఇంత జరిగితే వద్దు, నువ్వు రేపే జ్వరమని రాసిచ్చెయ్యి అన్నాడు చెల్లెలితో. అరబా ఒప్పుకోలేదు. ఇద్దరూ వాళ్ళ భాషలో గట్టిగా అనుకున్నారు. చివరికి అతను నావైపు తిరిగి, మీరు ఇంట్లో కూర్చున్నవాళ్ళు కదా ఆంటీ, నా బాధ మీకు తెలుసు, మీరు చెప్పండి దానికి అన్నాడు.

తెలుసు. నాకంటే ఎవరికి తెలుసు? నెల రోజులుగా అతని పక్షమే ఉన్నాను కూడా. టేబుల్ దగ్గరికి వచ్చి, స్రవంతిని ఇంగ్లీషులో చెప్పమని, తెలుగులోనే అన్నాను.

"వద్దన్నా వెళ్ళేవాళ్ళని ఆపడానికి నేను చూశాను నాయనా. ఆగలేదు. తిండి లేకుండా వెళ్ళారు, అంతే. వెళ్ళనీ. తిండి కట్టి పంపు."

స్రవంతి ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. మా ఆయన తల వంచుకుని టేబుల్ మీద గీతలు గీస్తున్నారు. క్వెసి కూర్చున్నాడు.

ఆ తరవాత అరగంటా నాదే రాజ్యం. ముందు రోజు రాత్రి స్టాఫంతా బడిలోనే పడుకోవాలి. తిండి ఎవరిదీ ముట్టకూడదు, మంచినీళ్ళు కూడా సొంతవే. నేను పులిహోర ఎలా చెయ్యాలో చెప్పబోతుంటే అరబా నవ్వేసింది. వాళ్ళకి మొక్కజొన్న పిండి పులియబెట్టి, ఆకుల్లో చుట్టి ఉడికించే ముద్దలుంటాయట, మూడు నాలుగు రోజులు చెక్కు చెదరవట. వేయించిన చేపలూ మిరపకాయ కారమూ పెట్టుకుంటే స్టాఫ్ అందరికీ సరిపోతుందంది. మరి ఆ పెద్దావిడకి ఏం చెప్పాలి, పెడతానన్న తిండి కాదంటే అక్కడ పెద్ద అవమానం అని దిగులు పడింది. ఉపవాసమని చెప్పమన్నాను. మా ఆయన అది అబద్ధమన్నారు. అయితే నిజమే చెప్పు, గోడకి కాగితం అంటించాక మొదటి ముద్ద మీ ఇంట్లోనే తింటాను, అప్పటిదాకా ఆగమని చెప్పు అన్నాను. అరబా అది నోటుపుస్తకంలో రాసుకుంది. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్న అధికారి పక్కనుండగా నా మాట రాసుకున్నందుకు నాకు లోపల గర్వంగానే అనిపించింది.

ఏడో తారీకు శనివారం. ఎండ ఉంది గానీ చలి కోసేస్తోంది. క్వెసి సెలవు పెట్టి పొద్దున్నే మా ఇంటికి వచ్చేశాడు. ఘనాలో సాయంత్రం అయిదుకి పోలింగు ముగుస్తుంది, అంటే మనకి మధ్యాహ్నం పన్నెండు. పొద్దున ఒక మెసేజ్ వచ్చింది, బడిలో బాగా నిద్రపట్టిందని. ఆ తరవాత లేదు. బూత్‌లో ఉండగా ఫోన్ ముట్టవద్దని తనే చెప్పిన సంగతి మా ఆయనకి గుర్తులేదు. ఇంకా చెయ్యదేమిటి అని అయిదు నిమిషాలకోసారి అడిగారు. కిటికీ దగ్గరికి వెళ్తారు, బయట హెర్న్‌డన్ వీధిలో ఘనా కనిపిస్తుందన్నట్టు చూస్తారు, మళ్ళీ వచ్చి కూర్చుంటారు. ఒంటిగంటకి వడ్డిస్తే అన్నం కలిపి వదిలేశారు. క్వెసి రేడియో పెట్టబోతే, వద్దు బాబూ అని ఆయనే ఆపేశారు. ఎక్కడో గొడవైందని వింటే ఆ ఊరేనేమోనని ఆయన భయం. నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాను. నాకు ఇది అలవాటే.

రెండూ నలభైకి ఫోన్ మోగింది. అందరికంటే ముందు కృతి స్పీకర్ నొక్కింది. ముందు అవతల జనం గోల. మా ఆయన లేచి నిలబడ్డారు. ఆ గోలలోంచి అరబా గొంతు, బొంగురుపోయి ఉంది. అయిపోయిందంది. మూడుసార్లు లెక్కపెట్టమన్నారట, మూడుసార్లూ పెట్టిందట. చీకటి పడితే జనమే ఫోన్ల లైట్లు వేసి పట్టుకున్నారట.

"సంతకాలు?" అన్నారు మా ఆయన.

"రెండూ ఉన్నాయి అంకుల్" అంది.

పేర్లు చదవమన్నారు. ఇద్దరు ఏజెంట్ల పేర్లూ చదివింది. మళ్ళీ చదవమన్నారు, మళ్ళీ చదివింది. క్వెసి తన పార్టీకి ఎన్నొచ్చాయని అడిగితే, మీవాళ్ళు ఇక్కడ నలభై మూడు ఓట్ల తేడాతో ఓడిపోయారు అన్నయ్యా అంది. అతను అదేదో గొప్ప కబురైనట్టు పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే మొహం రెండు చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. స్రవంతి అతని భుజం మీద చెయ్యి వేసింది. అవతల ఎవరో అరబాని పిలుస్తున్నారు, వెళ్ళాలి, పెట్టె అప్పజెప్పాలి అని ఫోన్ పెట్టేసింది.

క్వెసి తన వాళ్ళకి కబురు చెప్పుకోవడానికి ఇంటికి వెళ్ళాడు. కృతి బాస్కెట్‌బాల్‌కి టైమైందని స్రవంతి దాన్ని తీసుకుని కార్‌లో వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరం మిగిలాం. మా ఆయన వచ్చి నా పక్కన సోఫాలో కూర్చుని, పళ్ళెంలోంచి నాలుగు చిక్కుడుకాయలు తీసుకున్నారు. ఒలవడం ఆయనకి రాదు. కాసేపు వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు.

"వసుమతీ, ఆ ఎనభై తొమ్మిదిలో నేను ఇంటికొచ్చేదాకా నువ్వేం చేశావు?" అన్నారు.

ఆ మాట ఆయన నన్ను అడగడం అదే మొదలు. చెప్పాను. మొదటి రోజు పొద్దుటి నుంచి మొదలుపెట్టి, ఏదీ వదలకుండా చెప్పాను. స్రవంతి వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇంకా రెండో రోజు మధ్యాహ్నంలోనే ఉన్నాను, ఆయన వింటున్నారు.